మేష్టారి సగం పాఠం

మా మేష్టారు పోయి రెండేళ్లు దాటింది. ఆయన గొంతు మాత్రం ఇంకా నా ఫోన్‌లో ఉంది. తీసేద్దామని చాలాసార్లు వేలు పెట్టి, చాలాసార్లు వెనక్కి తీసుకున్నాను. ఆ గొంతుతో నేను చేసిన పని గురించి ఇంతవరకు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఆఫీసులో చెబితే కంటెంట్ ఇష్యూ అంటారు. ఇంట్లో చెబితే కావాలని చేశావా ఏమిటి, పోనీలే అంటారు. కావాలని చేయలేదు, నిజమే. తెలియక చేశానని కూడా అనలేను. నా బాధంతా అక్కడే ఉంది.

ఆయన కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఆదివారాలు కె.ఆర్.పురంలో తన ఇంటి మేడ మీద, రేకుల గదిలో, మాలాంటి పిల్లలకు ఊరికే పాఠం చెప్పేవారు. నేను పదో తరగతిలో అక్కడ చేరాను. చదువు మీద ప్రేమతో కాదు, ఆదివారం పూట వీధులు పట్టుకుని తిరుగుతున్నానని మా అమ్మ చెవి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టింది. మేష్టారి పూర్వీకులు ఎప్పుడో అనంతపురం వైపు నుంచి రాళ్లపనికి దేవనహళ్ళికి వచ్చారట. ఆయన తెలుగులో సగం కన్నడం ఉండేది, కోపం వస్తే ముప్పాతిక ఉండేది.

ఆయన చరిత్రను తర్కశాస్త్రంతో కలిపి చెప్పేవారు. ఒక సంగతి మనకు ఎలా తెలిసింది? కళ్లతో చూశామా, గుర్తులు చూసి ఊహించామా, తెలిసినదానితో పోల్చామా, నమ్మదగిన మనిషి చెబితే విన్నామా? ఈ నాలుగు దారుల్లో ఏ దారిన వచ్చిందో చెప్పకుండా ఎవరం నోరు తెరవకూడదు. అంతకంటే కష్టమైన నియమం ఇంకొకటి ఉండేది. ఏ వాదాన్ని ఖండించాలన్నా ముందు పూర్వపక్షం చెప్పాలి, అంటే ఎదుటివాడి మాట. అది కూడా 'వాళ్లు ఇలా అంటారు' అని దూరంగా నిలబడి చెబితే ఒప్పుకునేవారు కాదు. 'నేను అంటున్నాను' అని, సొంత నమ్మకంలా, మన ఇంటి విషయమే ఉదాహరణగా పెట్టి చెప్పాలి. ఆ తర్వాత జవాబు అదే రోజు చెప్పనిచ్చేవారు కాదు.

"వారం దినాలు ఇది మీ మాటే అనుకొని తిరగండప్పా. దాన్ని ఎదిరించేది ఆమీద చూస్తాం" అనేవారు.

ఆ వారం రోజులూ మా ఇళ్లల్లో గొడవలే. ఫ్యాక్టరీలో సమ్మె చేయడం తప్పని ఒకసారి నాకు పూర్వపక్షం వచ్చింది. అదే ఊపులో రాత్రి అన్నం దగ్గర మా నాన్న ముందు దంచేశాను. మా నాన్న అప్పటికి పదకొండు రోజులుగా సమ్మెలో ఉన్నాడు. వారమంతా నాతో మాట్లాడలేదు. మరుసటి ఆదివారం జవాబు తెచ్చి వినిపించేదాకా నా మొహం చూడలేదు. సగం పాఠం ఎంత పని చేస్తుందో నాకు అప్పుడే తెలియాలి. తెలుసు కూడా.

పాతికేళ్ల తర్వాత నేను ఒక చదువుల కంపెనీలో తేలాను. ఫోన్‌లో పిల్లలు ప్రశ్న అడిగితే ఒక టీచర్ గొంతు జవాబు చెప్పే యాప్ తయారుచేస్తాం. తెలుగులో చరిత్ర పాఠాలు పెట్టాలనుకున్నప్పుడు నేను మేష్టారి నాలుగు దారుల సంగతి మీటింగులో చెప్పాను. ప్రతి జవాబు కిందా అది ఎలా తెలిసిందో రాద్దాం అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మన శాస్త్రం, మన టెక్నాలజీ అంటూ పైవాళ్లు స్లైడ్లు వేశారు. కాలరెగరేసుకుని తిరిగాను, దాచడం ఎందుకు.

మేష్టారు వెంటనే ఒప్పుకున్నారు. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తులు పాడై, రెండు మెట్లు ఎక్కితే కూర్చోవాల్సి వచ్చేది. "నేను పోయినాక కూడా ఎవడో ఒకడు నన్ను ప్రశ్న అడగతా ఉంటాడంటే అంతకన్నా ఏం కావాలప్పా" అన్నారు. ఏడు ఆదివారాలు రికార్డు చేశాం. ఎదురుగా ఎవరైనా పిల్లలు కూర్చుంటేనే ఆయనకు మాట వచ్చేది కాబట్టి పాతరోజుల్లాగే పాఠం నడిపారు.

ఏడో ఆదివారం ఆయన తన ఇంటి కథే ఎత్తుకున్నారు. దేవనహళ్ళి కోట గోడ కట్టినవాళ్లలో తమ పెద్దలు తొమ్మిదిమంది ఉన్నారని వాళ్ల కుటుంబంలో చెప్పుకుంటారు. ఆ తొమ్మిది పేర్లూ ఏ పుస్తకంలోనూ లేవు, ఏ రాతి మీదా లేవు. వాళ్ల అవ్వ చెబితే మేష్టారి అక్క నేర్చుకుంది. ఏటా పెద్దల అమావాస్యనాడు విస్తరి ముందు కూర్చుని వరసగా చెబుతుంది. మేష్టారికి ఆ వరస ఎప్పుడూ పూర్తిగా రాలేదు. అక్కకు వచ్చు కదా అని నేర్చుకోలేదన్నారు.

ఆరోజు ఆయన చెప్పిన పూర్వపక్షం ఇదీ: "రాతలో లేంది చరిత్ర కాదు. నోటి నుంచి నోటికి పొయ్యే పేరు దారిలోనే మారిపోతాది. ఎవరో ఒకరు కల్పించి చేరుస్తారు. మా అక్క చెప్పే పేర్లకీ ఆ గోడకీ ఏ సంబంధమూ లేదు. అవి ముసలామె మాటలు, అంతే."

అంత గట్టిగా ఎన్నడూ చెప్పలేదు. ఎదురుగా కూర్చున్న పిల్లల మొహాలు చిన్నబోయాయి. చెప్పడం అయిపోయాక దగ్గుతూ నవ్వి, జవాబు వచ్చే వారం అన్నారు. బుధవారం ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. మళ్లీ ఇంటికి రాలేదు.

పనిలో పడితే దుఃఖం తగ్గుతుందంటారు కదా, నేను అలాగే పడ్డాను. ఆయన మాటల్ని రెండు నిమిషాల ముక్కలుగా కోసి, ఒక్కోదానికి లేబుల్ తగిలించడం నా పని. లేబుల్ పెట్టెలో మూడే మాటలు ఉండేవి: వాస్తవం, వక్త అభిప్రాయం, ఉదాహరణ. పూర్వపక్షానికి చోటు లేదు. మా టీమ్ లీడ్‌ని అడిగాను.

"ఇప్పుడు కొత్త కేటగిరీ యాడ్ చేస్తే మొత్తం రీటెస్ట్ చేయాలండీ. ఆయన ఫస్ట్ పర్సన్‌లోనే కదా చెప్పారు, ఒపీనియన్ అని పెట్టేయండి" అంది.

ఆమె తప్పేం లేదు. ఆమె ఆ రేకుల గదిలో కూర్చోలేదు. కూర్చున్నవాణ్ని నేను. మిగతా పాఠాలకు పక్కనే జవాబు ముక్కలున్నాయి, యాప్ రెండూ వినిపిస్తుంది, ఈ ఒక్కదానికే లేదు. ఈ ఒక్కటీ పక్కన పెట్టేస్తే సరిపోయేది. కానీ అది ఆయన చివరి పాఠం, అన్నిట్లోకీ బాగా చెప్పింది. పారేయబుద్ధి కాలేదు. 'వక్త అభిప్రాయం' నొక్కాను. ఎలా తెలిసింది అన్నచోట 'నమ్మదగిన మనిషి మాట' అని నా చేత్తోనే ఎంచాను.

యాప్ బయటికి వచ్చిన వారానికి మేష్టారి అక్కకు వినిపిద్దామని దేవనహళ్ళి వెళ్లాను. ఎనభై దాటిన మనిషి. బడి మొహం చూడలేదు గానీ తమ్ముణ్ని చదివించింది ఆమే. నేను ఆమెను పెద్దమ్మా అంటాను. గుమ్మంలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. తమ్ముడి గొంతు వినబడగానే చేతిలో కాయ చాటలో వదిలేసి, కొంగు తలమీదికి లాక్కుంది.

"ఏమడిగినా చెప్తాడా?" అంది.

"చెప్తారు పెద్దమ్మా, అడుగు."

నేనే అన్నాను ఆ మాట. ఎంత మురిపెంగా అన్నానో గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

ఆమె ఫోన్ దగ్గరికి ఒంగి, చిన్నపిల్లవాణ్ని పిలిచినట్టు మెల్లగా, "మనోళ్ల పేర్లు ఉండాయి కదప్పా, కోట కట్టినోళ్లవి. అవి ఒకసారి చెప్పు" అంది.

యాప్ రెండు క్షణాలు వెతికింది. తర్వాత ఆయన గొంతు వచ్చింది: రాతలో లేంది చరిత్ర కాదు. నేను లాక్కుని ఆపేలోగా 'మా అక్క చెప్పే పేర్లకీ' అన్నచోటు దాటిపోయింది. 'ముసలామె మాటలు, అంతే' అన్నది కూడా ఆమె విన్నది.

ఆమె ఏడవలేదు. చాట ఒళ్లోకి తీసుకుని మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. నేను గబగబా పూర్వపక్షం గురించి చెప్పాను. ఇది ఆయన మాట కాదు, ఎదుటివాళ్ల మాట, దీనికి జవాబు వచ్చే వారం చెప్పాల్సింది అన్నాను.

"ఆ జవాబు పెట్టు, ఇంటాను" అంది.

"అది రికార్డు కాలేదు పెద్దమ్మా."

"వాని గొంతేనా ఇది?"

"గొంతు ఆయనదే."

"'మా అక్క' అనే కదా అన్నాడు. ఎవరి అక్కో కాదు కదా."

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఇదే వాదానికి ఆయన ఇచ్చిన జవాబు గుర్తున్నంత చెప్పాను. రాతి మీద ఉన్నదీ ఎవరో చెప్పిన మాటే అనేవారు ఆయన. రాతా నోరా అని చూడకండి, చెప్పిన మనిషిని చూడండి అనేవారు. అతనికి ఆ సంగతి తెలుసా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఉందా, అబద్ధం చెబితే అతనికేమైనా కలిసొస్తుందా. కూలివాళ్ల పేర్లు కల్పించి ఎవరు బాగుపడ్డారు, అందుకని మా అవ్వ మాట నాకు ప్రమాణం అనేవారు.

ఆమె అంతా విన్నది. గింజలు ఒకవైపుకు నెట్టి, నెమ్మదిగానే అంది. "నీకు కలిసొస్తాది కదప్పా. నీ తప్పు కప్పుకోవాలంటే ఇట్లే చెప్తావు."

ఆయన పెట్టిన కొలతతోనే నన్ను కొలిచింది. ఆయన గొంతు ఒకవైపు, నా మాట ఒకవైపు. ఏది నమ్మాలో నిర్ణయించడానికి ఆమెకు తర్కం ఎవరూ నేర్పనక్కర్లేదు. డెబ్భై ఏళ్లు ఎదురుగా కూర్చుని విన్న తమ్ముడు మనసులో ఇది పెట్టుకుని నోరు కుట్టుకున్నాడని ఆమె అనుకుంది. నేను వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, బస్సు ఎక్కడాగుతుందో కూడా చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆఫీసులో ఆ ముక్క తీసేయమన్నాను. సాయంత్రానికి తీసేశారు, ఎవరూ కారణం అడగలేదు. మేష్టారి ఇంట్లో నోటుపుస్తకాలన్నీ వెతికాను. పాతికేళ్ల కిందటి సహవిద్యార్థులకు ఫోన్లు చేశాను. ఒకరికి పూర్వపక్షం గుర్తుంది, ఇంకొకరికి ఆయన కోపం గుర్తుంది. ఆ జవాబు ఆయన గొంతులో ఎక్కడా లేదు. నిజంగా ఏడ్చింది ఆరోజే, ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు దేవనహళ్ళి వెళ్లాను. పిలవలేదు, వెళ్లాను. ఆమె కోడలు విస్తరి వేసి, అన్నం, పప్పు, వడలు వడ్డించి, కొత్త చీర పక్కన పెట్టింది. పెద్దమ్మ సాంబ్రాణి వేసి చేతులు జోడించి, "పెద్దోళ్లందరికీ" అని ఒక్కమాట అని లేవబోయింది.

"పేర్లు చెప్పవా అత్తా?" అంది కోడలు.

"సదువుకున్నోడే కాదన్యాక నేనేం చెప్పేదమ్మా."

ఇంట్లో ఎవరికీ ఆ వరస రాదు. కోడలికి మొదటి రెండు పేర్లు తెలుసు, మనవళ్లకు అవీ తెలియవు. నేను సిగ్గు విడిచి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నా కోసం చెప్పు పెద్దమ్మా, రాసుకుంటాను అన్నాను. నా మొహంలోకి చూసింది. జాలిపడిందనుకుంటాను. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఒక్కో పేరూ చెప్పి, అతను గోడకు ఏ పక్క పనిచేశాడో, ఎవరి కొడుకో చెప్పింది. ఐదు పేర్లు రాశాను. ఆరోదాని దగ్గర ఆగింది.

పెన్ను పట్టుకుని ఎదురుచూశాను. వయసు మీద పడింది, మర్చిపోయిందేమో అనుకుని, "నిదానంగా చెప్పు, తొందరేం లేదు" అన్నాను.

"పేరు గుర్తుండాదప్పా" అంది, కళ్లు తెరవకుండానే. "నాలుగూ గుర్తుండాయి. మా అవ్వ చెప్పిందో, నేను కలిపినానో, అదే తెలీడంలేదు. ఇన్నేండ్లూ ఎప్పుడూ ఆ అనుమానం రాలేదు. తెలీకుండా పెద్దోళ్ల ముందర ఎట్ల చెప్పేది?"