హీబ్రూలో బాపు మాట

శంషాబాద్‌లో నాది చిన్న టైపింగ్, జిరాక్స్ దుకాణం. కిరాయి అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం కోసం తిరిగేవాళ్ల బయోడేటాలు, ఇవే నా పని. తెలుగు, ఇంగ్లీషు, హిందీ, కొద్దిగా ఉర్దూ కొడతాను. హీబ్రూతో నాకు పని పడుతుందని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. పడింది, అదీ మా అక్క ప్రాణం మీద పడింది.

అక్క ఇజ్రాయెల్‌లో ఒక ముసలాయన్ని చూసుకునేది. స్నానం చేయించడం, మందులివ్వడం, చక్రాల కుర్చీలో బయట తిప్పడం. ఆయన మంచిగానే ఉన్నాడు. అక్కకే తలలో నరం చిట్లింది. మెదడు పోయిందనీ, గుండె మిషన్ మీద మాత్రమే కొట్టుకుంటోందనీ అక్కడి ఆస్పత్రి నుంచి ఒకామె ఫోన్ చేసింది. రోగుల ఇంటివాళ్లతో మాట్లాడటమే ఆమె ఉద్యోగం. మంచి మనిషే, ఇంగ్లీషులో మెల్లగా, మళ్లీ మళ్లీ చెప్పింది. మిషన్ తీయాలంటే ఇంటివాళ్లు రాసి ఒప్పుకోవాలట. అక్కకు మొగుడు లేడు, పిల్లలు లేరు, అమ్మ ఎప్పుడో పోయింది. ఇక ఒప్పుకోవాల్సింది బాపే.

"గుండె కొట్టుకుంటున్నదంటున్నరు గదనే. కొట్టుకునే గుండెను ఎట్ల ఆపుమంటం?" అన్నాడు బాపు.

ముసలాయన కూతురు వీడియో కాల్ చేసి అక్కను చూపించింది. నోట్లో గొట్టం, వాచిన మొహం. బాపు చూసి ఫోన్ బోర్లా పెట్టాడు. "ఇగ దాన్ని పరేషాన్ చెయ్యొద్దు. రాయి" అన్నాడు.

కాగితం మీద ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు హీబ్రూ ఉండాలి, కింద బాపు సంతకం. ఒప్పుకోలు మాటలు రెండు భాషల్లోనూ ఆస్పత్రివాళ్లే పంపారు. చివర్లో తండ్రి తన మాటగా ఒక వాక్యం చెబితే బాగుంటుందన్నారు. బాపును దుకాణానికి తీసుకొచ్చి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాను.

మైలార్‌దేవ్‌పల్లిలో ప్రెస్సులో పనిచేసినప్పుడు ఉర్దూ శుభలేఖలు చాలా కొట్టాను కాబట్టి కుడి నుంచి ఎడమకు పోయే రాత నాకు కొత్త కాదనుకున్నాను. అనుకోవడానికేం. ఉర్దూలో మాట విరిగితే కంటికి తెలుస్తుంది, అక్షరాలు చేతులు పట్టుకుని ఉంటాయి. హీబ్రూ అక్షరాలు దేనికది విడిగా నిలబడతాయి. వరుస తప్పినా చెప్పేవాడు లేడు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను. రెండు గడుల పట్టిక గీసి, హీబ్రూను కుడి గడిలో వేసి, కుడి అంచుకు జరిపాను. చూడటానికి బాగానే ఉంది. వాక్యం మధ్యలో అక్క పేరు ఇంగ్లీషులో పెట్టగానే ఆ వాక్యం రెండు ముక్కలై, ముందుది వెనక్కి, వెనకది ముందుకు పోయింది. చివర ఉండాల్సిన చుక్క ఎగిరి వాక్యం మొదట్లో కూర్చుంది. వాళ్లు పంపిన దాని మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూశాను కాబట్టి దొరికింది.

అంతలో ఒకతను బయోడేటా పట్టుకుని వచ్చి స్క్రీన్‌లోకి తొంగి చూశాడు. "ఏందక్కా, గిట్ల ఉల్టా ఉన్నది?"

"నా రాతే ఉల్టా ఉన్నదన్నా. నువ్వు రేపు రా" అన్నాను. నా మొహం చూసి బయోడేటా మడుచుకుని పోయాడు.

కుడి అంచుకు జరపడం వేరు, కుడి నుంచి మొదలవమని చెప్పడం వేరు. ఆ రెండో బటన్ కంప్యూటర్‌కు హీబ్రూ భాషను చేర్చేదాకా బయటికే రాదు. తిట్టుకుంటూ వెతికి చేర్చాను, నొక్కాను. ముక్కలు అతుక్కున్నాయి, అక్క పేరు దాని చోటికి వచ్చింది, చుక్క ఎడమ చివరికి వెళ్లింది. పని కుదిరిందని ఒక్క క్షణం సంతోషపడ్డాను. ఏ కాగితానికి సంతోషపడుతున్నానో గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

"బాపూ, నీ మాట ఏం రాయమంటవు?"

"పోయి రమ్మను" అన్నాడు.

మా దిక్కు గడప దాటేవాళ్లు 'పోత' అనరు, పంపేవాళ్లు 'పో' అనరు. పోయొస్త, పోయి రా, అంతే. పాడె లేస్తుంటే ఏడ్చే ముసలమ్మలు కూడా పోయి రా బిడ్డా అనే ఏడుస్తారు. బాపు మాట మార్చడానికి నేనెవరిని? వెళ్లి తిరిగి రమ్మని ఇంగ్లీషులో కొట్టాను, దాన్నే ఫోన్‌లో హీబ్రూ చేసి కుడి గడిలో దించాను. సంతకం పెట్టించి పంపాను.

కాసేపటికే ఆస్పత్రి ఆమె ఫోన్ చేసింది. "మీ నాన్నగారు మనసు మార్చుకున్నారా? పైన ఒప్పుకున్నారు, కింద ఆమె తిరిగి రావాలంటున్నారు. బతికించి ఇంటికి పంపమంటున్నారేమోనని డాక్టర్లు ఆగిపోయారు."

అది మా భాషలో వీడ్కోలు అని చెప్పాను. ఆమెకు అర్థమైంది. "అయినా కాగితం మీద సూటిగా ఉండాలి, క్షమించండి" అంది.

తిరిగి రావడాన్ని చెరపాలి. ఇంగ్లీషులో చిటికెలో పోయింది. హీబ్రూలో వెళ్లమనడం ఏదో, రమ్మనడం ఏదో నాకేం తెలుసు? ఒక్కో మాటనూ విడిగా ఫోన్‌లో పెట్టి అడిగితే ఎడమ చివరిది 'రా' అని తేలింది. దాన్ని చెరుపుతుంటే కర్సర్ కుడికి నడిచింది. బాపుతో మళ్లీ సంతకం పెట్టించాను. ఏం చెరిపానో చెప్పలేదు. కొత్త కాగితం పంపాక ఆమె మళ్లీ ఫోన్ చేసి, మీ నాన్నగారి మాట ఇదేనా, ఒక్కసారి నోటితో చెప్పండి అంది.

"ఎస్. గో. ఓన్లీ గో" అన్నాను. ఇంకేం మాట్లాడినా ఏడ్చేసేదాన్ని.

బాపుకు ఇంగ్లీషు రాదు. కానీ ఆపాటి ముక్కలు రానివాళ్లెవరు? నేను ఫోన్ పెట్టేసేదాకా నన్నే చూస్తూ కూర్చున్నాడు.

"గో అంటే పో అనే గదనే?"

"అవును బాపూ."

"మరి కమ్ అనలేదేంది?"