నాకు చెప్పని జబ్బు

ఆదోని పత్తి మార్కెట్‌లో ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసినవాణ్ణి. పిడికెడు పత్తి తీసి, పోగు లాగి చూడకుండా ఎవడు ధర చెప్పినా ఒప్పుకునేవాణ్ణి కాను. అలాంటి నన్ను, జబ్బేమిటో నాకే చెప్పకుండా కోయించారు.

"ప్రోస్టేటు గ్రంథి వాచిందంట భాయ్, తీసేయాలంట" అన్నాడు నా తమ్ముడు. కర్నూలులో డాక్టరుతో మాట్లాడిందంతా వాడే. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. నాకు శ్రమ లేకుండా చూస్తున్నాడని మురిసిపోయాను, బుద్ధిలేనివాణ్ణి. పెట్టమన్నచోట సంతకం కూడా పెట్టాను.

ఆపరేషన్ అయి ఏడాది దాటింది. దగ్గినా, వంగినా ఉచ్చ చుక్కలు పడతాయి. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కుని వజూ చేసుకుని లేచేలోపే ఆ శుద్ధి చెడిపోతుంది. మసీదులో ఇమాము వెనకే మొదటి వరుసలో నిలబడేవాణ్ణి. ఇప్పుడు పైజామా లోపల గుడ్డ పెట్టుకుని, చెప్పులు విడిచేచోట, చివరి వరుసలో నిలబడుతున్నాను. జబ్బు మనిషికి మినహాయింపు ఉందని ఇమాము చెప్పాడు. అల్లా మన్నిస్తాడు, సరే. నుదురు నేలకు ఆనించి సజ్దాలో వంగినప్పుడు తడి తగిలితే వచ్చే సిగ్గు మాత్రం పోదు.

పోయిన నెల ఎమ్మిగనూరులో వేరే డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళాను. నేను పట్టుకెళ్ళిన, ఇంగ్లీషులో ఉన్న కర్నూలు ఫైలు ఆయన తిరగేశాడు.

"మీ క్యాన్సర్ చానా చిన్నది, నిదానంగా పెరిగే రకం" అన్నాడు. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. "ఆర్నెల్లకోసారి పరీక్షలు చేయించుకుంటా గమనించుకుంటా ఉండింటే సరిపోయేది. లేదంటే గడ్డ ఉన్నకాడికే సూదులు పెట్టి, దాన్ని మంచులా గడ్డకట్టించి చంపే పద్ధతి ఉంది. వాటిల్లో ఇట్లాంటి బాధ తక్కువ. రెండూ చెప్పినట్టు ఈడ రాసినారు. మీరే వద్దన్నారంట కదా?"

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టారు నావాళ్ళు. ఇంటికొచ్చి తమ్ముణ్ణి పిలిపించాను.

"ఆ పేరు చెప్తే నీ గుండె ఆగిపోతాదనుకుంటి భాయ్" అన్నాడు వాడు. "కొంచెం మిగిలినా పాకుతాదని భయమైంది. అంతా తీయిస్తే పీడ పోతాదనుకుంటి. నీ మంచికే కదా!"

"భయపడింది నువ్వు. కోయించుకున్నది నేను. ఒక్క మాట నన్ను అడిగింటే, ఆగి చూద్దామనేవాణ్ణి కదరా!"

వాడు ఏడ్చాడు. ప్రాణం దక్కింది కదా అన్నాడు. ఆ ప్రాణానికి అప్పటికింకా ముప్పే రాలేదు. వాడి మీద నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు.