మేనత్త సాక్ష్యం

లువాన్ష్యా అనే మా రాగి గనుల ఊళ్ళో, కార్మికుల ఇళ్ళ మధ్య, పెళ్ళి కుదిరిన ప్రతి ఆడపిల్లకూ ఒక గురువు ఉండాలి. మా వాడకి ఆ గురువు బనా కసూబా. కసూబా తల్లి అని అర్థం. ఆ కసూబా పసితనంలోనే పోయాడు, పేరు మాత్రం తల్లికి మిగిలింది. పెళ్ళికి ముందు కొన్ని వారాలు పిల్లని చాప మీద కూర్చోబెట్టి, డోలు వాయిస్తూ, పాటలు పాడుతూ, మొగుడికి స్నానానికి నీళ్ళెలా పెట్టాలో, అతని చుట్టాల ముందు ఎలా మోకరిల్లాలో నేర్పేది. అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది: ఇంట్లో జరిగింది గడప దాటకూడదు.

చెప్పినట్టే తనూ బతికింది. గనిలో పనిచేసే మొగుడు ఒకసారి విరగ్గొట్టిన ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆయన పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆమే.

తమ్ముడి కూతురు బూపెకీ తనే నేర్పింది. బూపె నవ్వుల పిల్ల, పాఠాల మధ్యలో మేనత్తనే ఆటపట్టించేది. వెల్డింగ్ పనిచేసే కసొందెతో పెళ్ళయింది. ఏడాది తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం, కన్ను వాచిపోయి మేనత్త ఇంటికి వచ్చింది. బనా కసూబా వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టింది. మొక్కజొన్న పిండితో వండిన న్షిమా ముద్ద, వేరుశనగ పొడి వేసిన ఆకుకూర తినిపించింది. ఎండ తగ్గాక తానే వెంట నడిచి మొగుడింట్లో దిగబెట్టింది. కసొందెకి నాలుగు చివాట్లు పెడితే అతను తలవంచుకుని విన్నాడు. రెండోసారి పెదవి చిట్లి వచ్చిన బూపె, ఇక వెళ్ళనంది.

"అత్తా, వాడు నన్ను చంపేస్తాడు."

"కొత్తలో మేమందరం అలాగే అనుకున్నాం తల్లీ," అంది బనా కసూబా. మళ్ళీ వెంట నడిచింది.

మూడోసారి బూపె రాలేదు. వానల్లో ఒక ఆదివారం, కూర మాడిందన్న గొడవలో కసొందె రోకలి అందుకున్నాడు. ఆసుపత్రికి చేరేలోపే ఆ పిల్ల ప్రాణం పోయింది.

కసొందె మేనమామలు వచ్చి, అతను అంతకుముందు కొట్టినట్టు తెలియదని చెప్తే చాలని బనా కసూబాని బతిమాలారు. కుదరదంది. పాత దెబ్బలు కళ్ళారా చూసింది ఆమె ఒక్కతే, అందుకే ప్రభుత్వ లాయరు ఆమెను సాక్షిగా పిలిపించాడు.

ఎండోలా హైకోర్టులో కొత్త చితెంగె గుడ్డ నడుముకు చుట్టుకుని నిలబడింది. కన్ను వాపు, చిట్లిన పెదవి, చంపేస్తాడన్న మాట, ఏదీ దాచలేదు. వెనక బెంచీ మీద తమ్ముడు తలూపుతూ విన్నాడు. తర్వాత కసొందె తరఫు లాయరు లేచాడు. మర్యాదస్తుడు.

"చంపేస్తాడని చెప్పాక ఆ అమ్మాయిని మీరేం చేశారమ్మా?"

"వెనక్కి దిగబెట్టాను."

"అంటే, అతను చంపే మనిషని మీరు కూడా అనుకోలేదు."

దుబాసీ ప్రశ్నని మళ్ళీ చెప్పాడు.

"కొట్టే మనిషని తెలుసు," అంది చివరికి. "నేను ఓర్చుకున్నాను, ఇదీ ఓర్చుకుంటుందనుకున్నాను. బతికి బయటపడ్డవాళ్ళమే బాబూ పాఠాలు చెప్పేది. చచ్చిపోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా."

లాయరు తనకు కావలసింది దొరికిందన్నట్టు కూర్చున్నాడు.

హత్య నేరం నిలవలేదు. చంపాలన్న ఉద్దేశం రుజువు కాలేదనీ, సొంత మేనత్తకే ప్రాణభయం కనిపించలేదనీ జడ్జి తీర్పులో చదివాడు. యావజ్జీవం పడుతుందనుకున్నవాడికి ఎనిమిదేళ్ళు వేశారు.

కోర్టు వరండాలో బూపె తల్లి ఎదురొచ్చింది. ఏడవడం అప్పటికే మానేసింది.

"ఇంట్లో నోరు మూసుకోమని నా కూతురికి నేర్పావు వదినా. నీ నోరు మాత్రం కోర్టులో తెరిచావు."

తమ్ముడు బస్సులో దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. ఆ రెండిళ్ళకూ మాటలు పోయాయి.

కొన్నాళ్ళకి కసొందె తల్లి ఒక కోడిపుంజుని చంకలో పెట్టుకుని వచ్చింది. జైల్లో కొడుకు చెప్పమన్నాడట, అత్త నిజం చెప్పబట్టి బతికిపోయానని. బనా కసూబా గుమ్మంలో నిలబడే వింది. కోడిని ముట్టుకోలేదు. ఆవిడ దాన్ని గుంజకి కట్టేసి వెళ్ళింది. సాయంత్రం పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్ళి వండుకున్నారు.

పెళ్ళిళ్ళ కాలం రాగానే ఆమెకి మళ్ళీ పిలుపొచ్చింది. నిజానికి మా వాడలో ఎవరూ ఆమెది తప్పనుకోలేదు. పాటలన్నీ పాడింది. ఇంటి సంగతి బయటికి పోకూడదనే గడప పాట రావలసిన చోట డోలు ఆపింది.

"మొదటి దెబ్బకే మా ఇంటికి వచ్చెయ్యి. నేను నిన్ను వెనక్కి తీసుకెళ్ళను," అంది పెళ్ళికూతురితో.

పెళ్ళికొడుకు మేనత్త నవ్వింది. "కోర్టు మెట్లెక్కిన మనిషి, కాపురాలు నేర్పుతుందట."

పెళ్ళికూతురి తల్లి వచ్చి, ఇవాళ్టికి ఆ మాట వదిలెయ్యమని చెవిలో బతిమాలింది. బనా కసూబా అదే మాట ఇంకాస్త గట్టిగా అంది. అంతే, డోలు ఆమె ఒళ్ళోంచి ఇంకొకావిడ ఒళ్ళోకి వెళ్ళింది. గడప పాట మొదలైంది, ఆడవాళ్ళందరూ అందుకున్నారు. పిల్ల తలెత్తలేదు.

తర్వాత ఎవరూ పిలవలేదు. ఇప్పుడు బజార్లో ఎండుచేపలు అమ్ముకుంటోంది. కసొందెకి జైల్లో మంచి నడవడిక ఉందట, శిక్ష తగ్గించి ముందే వదిలేస్తారని చెప్పుకుంటున్నారు.