ఇడ్లీ మానేసిన పొద్దున

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆ వర్క్‌షాపు పక్కనే, పెరంబూరులో ఉంటాం. చాలా ఏళ్ళుగా ఆయనకు షుగరు, ఈమధ్య రెండు పూటలా ఇన్సులిన్ సూది. పొద్దున సూది వేసుకుని, అరగంటకు మూడు ఇడ్లీలు, సాంబారు. ఆయన టిఫిను ఎప్పుడూ అదే.

ఎవరో ఫోనులో వీడియో పంపించారు, ఇడ్లీ తెల్ల విషమని. అది చూసిన రాత్రే చెప్పేశాడు.

“రేపట్నుంచి నాకు ఇడ్లీ వద్దు మే. కీర దోసకాయ ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు చాలు.”

పిండి రుబ్బే పని తప్పిందని నేనూ సంతోషపడ్డాను. సూది కొలత తగ్గించాలా వద్దా అన్నది మా ఇద్దరికీ తోచలేదు.

మరునాడు ఆయన ఎప్పటి కొలతే సూది వేసుకుని, ఆ ముక్కలు, గుడ్డు తిని పేపరు పట్టుకున్నాడు. నేను బట్టలు ఆరేయడానికి మిద్దె మీదకెళ్ళాను. పక్కింటామెతో కాసేపు మాట్లాడి దిగొచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది.

ఆయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన మనిషిలాగా. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. చొక్కా మొత్తం చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“ఎవురమ్మా మీరు? ఇంటామె ఈడ లేదే.”

ఎగతాళి అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నా ముఖం మీదకొచ్చిన చూపు అక్కడ ఆగకుండా జారిపోతోంది. ఆ గొంతు కూడా నాకు కొత్త. బయటివాళ్ళతో ఆయన ఇంత మెత్తగా మాట్లాడతాడని నాకు అప్పటిదాకా తెలీదు.

షుగరు పడిపోయిందని అర్థమైంది. గ్లాసు నీళ్ళలో నాలుగు స్పూన్ల చక్కెర కలిపి తెచ్చాను. ఆయన మర్యాదగా గ్లాసును చేత్తో పక్కకు నెట్టాడు.

“ఏమీ అనుకోవద్దండి. మా ఆవిడ వచ్చినాక తాగతా.”

“నేనేనయ్యా!” అన్నాను. నేనేదో అబద్ధమాడినట్టు, నా బదులు తనే సిగ్గుపడి తల దించుకున్నాడు. కాసేపు నన్ను పరీక్షగా చూశాడు.

“ఆమె మాదిరే ఉండారు. చెల్లెలా మీరు?”

నాకు చెల్లెళ్ళు లేరు. అయినా గ్లాసులో నీళ్ళు ఆయన గొంతులో పడాలి.

“ఆమా, చెల్లెల్నే,” అన్నాను. పెళ్ళయినాక మొదటిసారి ఆయన్ని మీరు అన్నాను. “మీకు ఇది తాపమని అక్క చెప్పింది.”

“ఎప్పుడు చెప్పింది? అడగండి మరి. ఆడనే ఉందిగా, మీ ఎనకాల.”

తిరిగి చూశాను. వంటగది గడప. పొయ్యి ఆరిపోయి ఉంది. ఎవరూ లేరు. ఆయన మాత్రం నా భుజం మీదుగా ఆ గడపకేసి, మనిషి ఎత్తున, కదలకుండా చూస్తున్నాడు.

ఏం చెయ్యాలి? ఆ ఖాళీ గడప వైపు తిరిగి అడిగాను.

“ఏమక్కా, తాపనా?”

ఆయన చెవి ఒగ్గి విన్నాడు, తల ఊపాడు.

“తాగమంటా ఉంది.”

గ్లాసు తీసుకుని గటగటా చివరిదాకా తాగాడు. తాగుతున్నంతసేపూ నా వెనకాలకే చూశాడు. నేను మళ్ళీ తిరిగి చూడలేదు. చూడడానికి ధైర్యం చాలలేదు.

పావుగంట గడిచింది. ఉన్నట్టుండి, “ఏమ్మే, చొక్కా ఇట్టా తడిసిపోయిందేం?” అన్నాడు. ఆ “ఏమ్మే” వినగానే ఏడుపొచ్చేసింది. ఏమైందో తెలీక తెల్లబోయాడు. పక్కింట్లోంచి రెండు ఇడ్లీలు అడిగి తెచ్చి పెట్టాను.

సాయంత్రం క్లినిక్కుకు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది. సూది వేసుకున్నాక సరిపడా తినకపోవడం ప్రాణం మీదకు తెస్తుందని, టిఫిను మార్చాలనుకుంటే ముందు తనను అడిగి సూది కొలత మార్చుకోవాలని చెప్పింది. ఇడ్లీకి భయపడి మానెయ్యక్కర్లేదు, రెండు చాలు, కూరగాయలు ఎక్కువేసిన సాంబారుతో తినమంది. కొన్ని రోజులు పెసరట్టు, కొన్ని రోజులు పప్పులు రుబ్బి పోసే అడ అట్టు. ఆ లెక్క మీదే నడుస్తున్నాం. మళ్ళీ అట్లా కాలేదు.

జరిగిందంతా ఆయనకు చెప్పాను. “నిన్ను మీరు అన్నానా?” అని నవ్వాడు. గడప సంగతి చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

“ఆమె ఎట్టా ఉన్నింది?” అని అడిగాను.

“నాకేం గుర్తులేదు మే,” అని ప్లేటులోకి చూస్తూ అన్నాడు. గుర్తులేదో, చెప్పడం ఇష్టం లేదో.

నాకు మాత్రం ఆయన ముఖం గుర్తుంది. ఆ గడపకేసి చూస్తూ ఎంత నిమ్మళంగా ఉన్నాడో! నన్ను అట్లా ఎప్పుడైనా చూశాడా అని ఎంత ఆలోచించినా ఒక్క రోజూ తట్టలేదు.

ఇప్పుడు నేనూ ఆయనకెదురుగా కూర్చుని అదే టిఫిను తింటాను, నాకు షుగరు లేకపోయినా. మొదటి ముద్ద పెట్టుకునే ముందు ఆయన తలెత్తి నా ముఖం కొంచెంసేపు చూస్తాడు. ఎందుకని నేను అడగను.