సముద్రం చూడని పిల్ల

తోకుజీ ఆ మ్యూజియంలో చేరి పంతొమ్మిదేళ్లయింది. అంతకుముందు పడవ మీద వలలు లాగేవాడు. నడుం పట్టేశాక ఇక్కడికొచ్చాడు. పక్షులున్న అద్దాల పెట్టెలు తుడవడం, సీతాకోకచిలుకల సొరుగుల్లో కలరా ఉండలు మార్చడం ఆయన పని. బడిపిల్లలు తడిమి తడిమి తెల్లబరిచిన ఎలుగుబంటి ముక్కుకి నెలకోసారి నల్లరంగు వేసేవాడు. చదువు తక్కువే కానీ, ఏ సొరుగులో ఏ గవ్వ ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

పెద్ద గదిలో తీగలకు వేలాడే ఆడ తిమింగిలం అస్థిపంజరం మాత్రం ఆయనకి వేరు. ఆరేళ్ల కిందట అది ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చి చచ్చిపోతే, కోసినవాళ్లలో ఆయనొకడు. కండ కుళ్లిపోవాలని ఇసుకలో పాతిపెట్టిందీ, రెండేళ్లాగి తవ్వి ఒక్కో ఎముకా కడిగిందీ ఆయనే.

ఆ రోజు దాని కింద బిగించడానికి కొత్త బోర్డు వచ్చింది. మ్యూజియం అధికారి ఒగినో మేడం స్వయంగా రాసింది. ఆవిడని తోకుజీ సెన్సే అంటాడు, గురువుగారూ అన్నట్టు. మార్చిలో ఆవిడ ఉద్యోగం అయిపోతుంది, ఈలోగా అన్నీ సరిచేసి వెళ్లాలని పట్టుదల. తోకుజీ రెండు మేకులు కొట్టి, మూడోది పెదాల మధ్య పెట్టుకుని, వేలు పెట్టి చదువుకున్నాడు.

"ఆడది. కడుపుతో ఉండగా చనిపోయింది. పిండం, ఒగినో అజాగ్రత్త వల్ల అలల పాలైంది."

మేకు నోట్లోంచి జారి కింద పడింది.

"సెన్సే, మీ పేరు ఇలా రాసుకోవడం ఏంటండీ? రేపు పిల్లలు చదువుతారు."

"చదవాలి. జరిగింది జరిగినట్టు రాయకపోతే మ్యూజియం ఎందుకు తోకుజీ గారూ, సంత పెట్టుకోవచ్చు."

జరిగింది అది కాదు. అది తెలిసినవాడు ఆయన ఒక్కడే.

ఆరేళ్ల కిందట ఆ వేళ కోత సగంలో ఉండగానే చీకటి పడింది. గర్భసంచిని తాడుతో కట్టి, పట్టా కప్పి, మిగతాది పొద్దున చూద్దామంది మేడం. "మీరు వెళ్లండి, నేను చూసుకుంటా" అన్నాడు తోకుజీ. తెల్లవారుతుండగా వచ్చి పట్టా ఎత్తి, గర్భసంచి తెరిచి చూశాడు. లోపల రెండు మూరల పిల్ల. రెక్కలు ఒంటికి అతుక్కుని, కళ్లు మూసుకుని ఉంది.

ఆ తీరంలో ఒక కట్టుబాటు ఉంది. ఆయన తాత తిమింగిలాల మీద ఈటె విసిరేవాడు. తిమింగిలం దొరికితే మాంసం, నూనె, ఎముక, నరం దేన్నీ వదిలేవాళ్లు కాదు. కడుపులో పిల్ల బయటపడితే మాత్రం కత్తి కింద పెట్టేసేవాళ్లు. అది సముద్రం చూడలేదు, అందుకని సముద్రం కనిపించే గట్టు మీద, అటు ముఖం పెట్టి, మనిషి బిడ్డలాగే పాతిపెట్టాలి. తోకుజీ ఆలోచించలేదు. ఇంటికెళ్లి చేతికందిన బట్ట తెచ్చి చుట్టాడు, ఎత్తుకుని గట్టెక్కాడు. తిరిగొచ్చేసరికి మేడం ఒడ్డున నిలబడి ఉంది. "అలలు తీసుకుపోయాయండీ" అన్నాడు. ఆవిడ అరవలేదు. చీలమండల దాకా నీళ్లలో నిలబడి, "తప్పు నాదే" అని సముద్రానికి వంగి దండం పెట్టింది.

ఇంటికెళ్తే భార్య మత్సుయో సూప్ గిన్నె ముందు పెట్టింది.

"ఏమయ్యా, ఆ ఎముకలావిడ మళ్లీ తిట్టిందా?"

"తిట్టలేదు. తిడితే బాగుండేది." బోర్డు సంగతి చెప్పాడు.

"నా ఊదారంగు కిమోనో పోయింది ఆ పిల్లకేగా? నేను జ్వరంతో వణికితే దుప్పటి కప్పని మనిషివి!"

"చేతికి అదే దొరికిందే."

"చాల్లే. ఆవిడకి చెప్పు."

"చెప్తే తవ్వేస్తారు."

మత్సుయో గరిటె కింద పెట్టింది. "పిల్ల చచ్చిపోయింది. ఆవిడ బతికుంది. ఎవరికి ఎక్కువ నొప్పి?"

ఆయన సూప్ తాగలేదు.

మర్నాడు మ్యూజియం తలుపులు తెరవకముందే తోకుజీ తిమింగిలం కింద మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకానించి, ఉన్నదంతా చెప్పాడు. ఒగినో మేడం బోర్డు మీది తన పేరు వైపు చూసింది.

"ఆరేళ్లు. ఏటా ఆ తేదీకి ఒడ్డుకెళ్లి క్షమించమని అడుక్కున్నాను. మీరే గొడుగు పట్టారు నాకు!"

"పట్టానండీ."

"గొడుగు పట్టడానికి నోరు అక్కర్లేదు కదా. ఆ పిల్లని తవ్వి తీయాలి. తెలుసు కదా?"

"తెలుసు. ఇంకొకళ్ల పార మాత్రం పడనివ్వకండి. నేనే తవ్వుతా."

ఇద్దరూ గట్టెక్కారు. తోకుజీ పార పక్కన పడేసి చేతులతో తవ్వాడు. ముందు ఊదారంగు దారాలు నాలుగు దొరికాయి. తర్వాత గోధుమరంగు మట్టి. లేత ఎముకలు, మట్టిలో కరిగిపోయాయి. మేడం జల్లెడ పట్టింది, మళ్లీ పట్టింది. చివరికి గవ్వల్లా ముడుచుకున్నవి రెండు మిగిలాయి.

"చెవి ఎముకలు" అంది ఆవిడ. "అన్నిటికంటే ముందు గట్టిపడేవి ఇవే."

"అయితే తల్లి గొంతు విని ఉంటుందా?"

"చెప్పలేను." ఎముకలకి అంటిన మట్టి తుడిచి, "విని ఉండొచ్చు" అంది.

తోకుజీ రెండు చేతులూ చాపాడు. "ఒకటి మీరు తీసుకోండి సెన్సే. ఒకటి ఈ పిల్లకి వదిలేయండి."

"ఇవి చేపల వాటాలా, పంచుకోవడానికి?" ఆవిడ ఎముకల్ని అరచేతిలో తిప్పి చూసింది. "రెండు దొరికాయని రాస్తాను. ఒకటి ఈ ఊరి కట్టుబాటు ప్రకారం తిరిగి పాతిపెట్టామని రాస్తాను. పిల్లని దాచింది ఎవరో కూడా రాస్తాను. పేరుతో సహా."

"రాయండి. నా పేరు తప్పుల్లేకుండా రాయండి."

ఆవిడ ఒకదాన్ని దూదిలో చుట్టి డబ్బాలో పెట్టుకుంది. రెండోదాన్ని తోకుజీ గుంటలో పెట్టబోయి ఆగిపోయాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. పిల్లకి ముఖం ఉండేది, ఎటు తిప్పాలో తెలిసేది. దీన్ని ఎటు తిప్పాలి?

ఒగినో మేడం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వేలితో తాకి చూపించింది.

"ఈ తెరుచుకున్న వైపు. అటు పెట్టండి."

ఆయన ఆ వైపుని సముద్రానికి తిప్పి పెట్టాడు. ముందుగా ఆవిడే పిడికెడు మట్టి వేసింది.