అల్లుడుగారి గేదె వైద్యం

నా చిన్నప్పుడు పెనుగొలనులో మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఏ గొడ్డు మేత మానేసినా, అందరికంటే ముందు నోరు విప్పేది మా మేనత్త భర్త. ఆయనకి తిరువూరులో ఎరువుల కొట్టు ఉండేది. ఇస్త్రీ పంచె కట్టుకుని బస్సు దిగి, అరుగు మీద కాలు మీద కాలేసుకుని, అడగనివాళ్లకి కూడా వైద్యం చెప్పి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేవాడు. ఆయన చెప్పిన మందు మింగినవాళ్లు ఏమయ్యారో ఏనాడూ కనుక్కున్న పాపాన పోలేదు. ఇంటల్లుడు కాబట్టి ఎవరూ పల్లెత్తు మాట అనేవాళ్లు కాదు.

ఒక ఎండాకాలం మా పాడిగేదె కడుపు ఉబ్బి, నేల మీద పడి మూలుగుతోంది. ఇంటిల్లిపాదికీ పాలిచ్చేది అదొక్కటే. నాన్న పశువుల డాక్టర్ని తీసుకొస్తానని సైకిల్ తీస్తుంటే మామయ్య అడ్డుపడ్డాడు. డాక్టరెందుకు, శేరు ఆముదం పట్టిస్తే గంటలో లేచి నిలబడుతుందన్నాడు.

మా నాయనమ్మ అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం కొంగు సర్దుకుని బయటికొచ్చింది. "అల్లుడుగారూ, మీ మాట కాదనేదెవరండీ? మీ చేత్తోనే పట్టించండి. అది లేచేదాకా మీరే దగ్గరుండి చూసుకోవాలి మరి" అంది. గొడ్లచావిట్లో పేడ పక్కనే నవారు మంచం వేయించింది. విసనకర్ర ఇచ్చింది, కాఫీ పంపింది. అత్తగారు అంత మర్యాద చేస్తుంటే అల్లుడు లేచి ఎలా పోతాడు?

గేదె గట్టిగా మూలిగి కాళ్లు విదిల్చింది. మామయ్య ఆముదం చెంబు ముట్టుకోనైనా లేదు. ముఖం పాలిపోయి, "నాకేం తెలుసండీ, ఆ డాక్టర్నే పిలిపించండి" అన్నాడు. నాన్న అప్పటికే దారిలో ఉన్నాడు. నాయనమ్మ మంచం వేయిస్తూనే ఆయన్ని కనుసైగతో పంపేసింది. డాక్టరొచ్చి గొట్టం వేసి గాలి తీశాడు, గేదె బతికింది. నేను పొట్ట పట్టుకుని నవ్వితే నాయనమ్మ నవ్వలేదు. దగ్గర కూర్చోనివాడు చెప్పే వైద్యం చెవిన పెట్టకురా అంది.

కరోనా రోజుల్లో మా తమ్ముణ్ని విజయవాడ ఆసుపత్రిలో చేర్చినప్పుడు అలాంటి మామయ్యలు ఫోన్లు పట్టుకుని బోలెడంతమంది పుట్టుకొచ్చారు. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకో మెదడుకో అడ్డుపడొచ్చని, అందుకే పలచబరిచే ఇంజెక్షన్లు ఇస్తున్నామని, మరీ పలచబడితే లోపల రక్తం కారొచ్చని డాక్టరమ్మ నాకు చెప్పింది. పరీక్షలు చూసుకుంటూ డోసు మార్చాలట. మా వాళ్లకి ఇదంతా చిటికెలో పని. హైదరాబాదు అపార్ట్‌మెంట్లో కూర్చున్న మా బావ, పక్క ఫ్లాటు వాడికి గడ్డకట్టింది కాబట్టి డోసు రెట్టింపు చేయించమన్నాడు. రెడ్డిగూడెంలో మామిడి తోటలు గుత్తకు తీసుకునే మా పినతండ్రి కొడుకు, తమ్ముడి చిగుళ్ల నుంచి రక్తం వచ్చిందని వినగానే, ఇంజెక్షన్లు ఆపించకపోతే చంపేస్తారని అరిచాడు. తమ ఒంటి మీద కురుపుకి ఏం రాయాలో తెలియని ఘనులు ఇద్దరూ!

నాకు ఒళ్లు మండింది. "ఆసుపత్రి ముందు బెంచీ మీద చోటుంది. వచ్చి డాక్టరుతో మీరే చెప్పండి, సంతకం కూడా మీరే పెడుదురుగాని" అన్నాను. ఒకడికి నడుంనొప్పి వచ్చింది. ఇంకొకడికి సిగ్నల్ పోయింది.

మాస్కు అచ్చులు పడిన ముఖంతో డాక్టరమ్మ బయటికొస్తే, పెంచుతారా ఆపుతారా అని అడిగాను. "ఇప్పుడే చెప్పలేనండీ. తగ్గించి చూస్తున్నాం. నేనిక్కడే ఉంటాను" అంది. అన్ని రోజుల్లో చెప్పలేనన్న మనిషి ఆమె ఒక్కతే. భయం పోలేదు గానీ, తమ్ముణ్ని ఆమె చేతుల్లో వదిలి కాసేపు కళ్లు మూసుకోగలిగాను.

తమ్ముడు ఇంటికొచ్చాడు. తన మాట వినబట్టే బతికాడని బావ ఫోన్ చేశాడు. పినతండ్రి కొడుకూ అదే అన్నాడు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఈ వయసులో సలహాలు ఊరికే నోట్లో ఊరుతుంటాయి. ఎవరికైనా బాగాలేదని తెలిస్తే, వెళ్లి పక్కన కూర్చుంటావా అని ముందు నన్ను నేను అడుగుతాను. కూర్చోగలిగితే చెప్పులేసుకుని బయల్దేరతాను. లేకపోతే నోరు మూసుకుంటాను.