చాప మీద కూర్చున్న ఇన్‌స్పెక్టర్

కరీంనగర్ నుంచి మంచిర్యాల వెళ్లే బస్సులో ఒకసారి నా పక్కన యాభై ఏళ్ల ఆవిడ కూర్చుంది. సెల్‌ఫోన్‌లో క్రైమ్ సినిమా చూస్తోంది. థియేటర్ ముఖం చూడకుండా నేరుగా ఫోన్లలోకి వచ్చే చౌక రకం సినిమా అది. తెలిసిన నటుడు ఒక్కడూ లేడు.

సినిమాలో ఒక అమ్మాయి హత్య జరిగింది. ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయి తల్లి ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని, "చెప్పమ్మా, నీ బిడ్డ ఎట్లాంటిది?" అని అడుగుతాడు. అతనికి నటనే రాదు. నా పక్కనావిడ మాత్రం ఆ ముక్కనే వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూస్తోంది.

ఉండబట్టలేక, "హంతకుడెవరమ్మా?" అన్నాను నవ్వుతూ.

"ఏమో సారూ, ఆఖరిదాంక ఎన్నడు చూడలే," అంది. "గిసొంటి సినిమాలల్ల ఎవరో ఒకరు అచ్చి, గిట్ల కూసోని అడుగుతరు. గందుకే చూస్త. మా బిడ్డను ఎవడో సంపి చెరువుల ఏసిండు. రొండేండ్లాయె. ఠాణాల మమ్ముల ఒక్కలు గిట్ల అడగలే. కాయితం మీద ఏలిముద్ర ఏయించుకొని పొమ్మన్నరు."

నా నవ్వు ఆగిపోయింది. ఆవిడ నేనేమైనా అంటానేమోనని కాసేపు నా ముఖంలోకి చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ ఫోన్ ఆపేసి కొంగులో చుట్టుకుంది.

నస్పూర్‌కు ఇంకా అరగంట దారి ఉంది. అక్కడ దిగుతూ, "పోయొస్త సారూ," అంది.

ఆ అరగంటలో, ఆవిడ బిడ్డ పేరేమిటని నేనూ అడగలేదు.